రోజా ఉన్నవాడి గడియారం ఎవరి చేతిలో ఉంది?

పేపర్లు దిద్దే పనిలో పడి రెండు వారాలు రాయలేకపోయాను. ఈ వారం కులగణన గురించి రాస్తానని చెప్పాను గానీ దాన్ని పక్కన పెడుతున్నాను. రంజాన్ నెల అయిపోకముందే ఇది చెప్పాలి.

"ముస్లిం దేశాల్లో కూడా ఇన్ని సౌకర్యాలు ఉండవు సార్, ఇక్కడే మరీ ఎక్కువ." ఈ మాట ఈ నెలలో నాలుగు చోట్ల విన్నాను. స్టాఫ్‌రూమ్‌లో, రైల్లో, ఒక పెళ్ళి భోజనాల దగ్గర, ఆఖరికి మన యువజన సంఘం వాట్సాప్ గ్రూపులో. మొదటి మూడు చోట్లా అన్నవాళ్ళు అనకపోతేనే ఆశ్చర్యపోవాలి. నాలుగో చోట అన్నవాడు మనవాడు. డప్పు కొట్టే ఇంట్లో పుట్టి, రిజర్వేషన్ మీద చదువుకుని, ఏప్రిల్ 14న నీలం కండువా వేసుకునేవాడు. ఈ వ్యాసం వాడికోసం.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. ఒక కాలేజీ హాస్టల్లో (పేరు ఎందుకు, అన్నీ అలాగే ఉన్నాయి) పదకొండు మంది ముస్లిం పిల్లలు అర్జీ పెట్టుకున్నారు. రాత్రి వండిన అన్నంలో కొంచెం, కూర కొంచెం మూత పెట్టి ఉంచితే తెల్లవారుజామున నాలుగింటికి సహరీకి తామే తీసుకుని తింటామన్నారు. కొత్తగా వండమని కూడా అడగలేదు. సాయంత్రం ల్యాబ్ అరగంట ముందు వదలమన్నారు. "ఇది సెక్యులర్ సంస్థ, మతాచారాలకు తావు లేదు" అని కాగితం మీద రాసి తిప్పి పంపారు. అదే హాస్టల్లో కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న పిల్లలకి వేరే పొయ్యి ఉంటుంది, వేరే గిన్నెలు ఉంటాయి, తెల్లవారుజామున వాళ్ళ స్నానాలకి మోటారు వేస్తారు, చెప్పుల్లేకుండా నల్లబట్టల్లో క్లాసుకి వస్తే లేచి దారి ఇస్తారు. ఆ నీళ్ళు ఆపమని నేను అనడం లేదు. ఆ మోటారు వేసే చెయ్యికి ఒక మూత పెట్టడం ఎందుకు చేతకాలేదని అడుగుతున్నాను.

సరే, ముస్లిం దేశాల పేరు ఎత్తారు కాబట్టి అక్కడికే వెళ్దాం.

ముందు కొంచెం లెక్క. రంజాన్ చాంద్రమానం నెల. 29 రోజులో 30 రోజులో ఉంటుంది. మన క్యాలెండర్‌లో ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ 33 ఏళ్ళలో అన్ని ఋతువులూ చుట్టి వస్తుంది. 2015లో జూన్ ఎండల్లో వచ్చింది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబర్ చివర ఒకసారి, ఏడాదికి రెండుసార్లు మొదలవుతుంది. తెల్లవారుజాము నమాజు వేళ నుంచి పొద్దుగూకేదాకా తిండి లేదు, మంచినీళ్ళూ లేవు. జబ్బు చేసినవాళ్ళకి, ప్రయాణంలో ఉన్నవాళ్ళకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, నెలసరిలో ఉన్న ఆడవాళ్ళకి, చేతకాని ముసలివాళ్ళకి మినహాయింపు ఉంది. ఈ మినహాయింపుల జాబితా గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పనిపడుతుంది.

ఆకలి నియమం లోకమంతా ఒక్కటే. ఆ ఆకలితో ఎన్ని గంటలు పనిచేయాలో మాత్రం మనిషికో రకం. అది తేల్చేది సర్కారు, కంపెనీ, మేస్త్రి, అత్తగారు. రంజాన్ గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ రెండో సంగతి వదిలేసి ఎప్పుడూ మొదటిదాని చుట్టూనే తిరుగుతాం.

గల్ఫ్ నుంచి మొదలుపెడదాం, మన వాడల్లో గల్ఫ్ తెలియని ఇల్లు తక్కువ. సౌదీ కార్మిక చట్టం మామూలు రోజుల్లో రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటల పని అంటుంది. రంజాన్‌లో ముస్లిం కార్మికులకి దాన్ని 6 గంటలకి, వారానికి 36 గంటలకి తగ్గిస్తుంది. జీతం కోత లేదు. యుఏఈలో ఇంకో అడుగు ముందుకేసి ప్రైవేటు ఉద్యోగులందరికీ రెండు గంటలు తగ్గిస్తారు. రోజా ఉన్నావా లేదా అని అడగరు, మతం అడగరు. జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్ళి ఆఫీసులో లెక్కలు రాసుకునే హిందూ తమ్ముడికీ ఆ రెండు గంటలు కలిసొస్తాయి. ఆ ఖాళీ టైములో కూర్చుని 'ముస్లింల బుజ్జగింపు' మీద పోస్టులు ఫార్వర్డ్ చేసేవాళ్ళు కూడా నాకు తెలుసు.

అంటే "ముస్లిం దేశాల్లో కూడా ఉండవు" అన్నమాట మొదటి దేశంలోనే చచ్చిపోయింది. కానీ అక్కడితో ఆగి గల్ఫ్‌కి దండ వేసి వచ్చేస్తే మనం కూడా సగమే చూసినట్టు. సౌదీ కార్మిక చట్టం ఇంటి పనివాళ్ళకి వర్తించదు, వాళ్ళకి వేరే నిబంధనలు. కోనసీమ నుంచి, కడప నుంచి కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళే ఆడవాళ్ళని అక్కడ ఖద్దామా అంటారు. ఆ మాట మన పల్లెల్లోకి కూడా వచ్చేసింది, 'ఖద్దామా పనికి పోయింది' అంటారు. వాళ్ళలో మాల మాదిగ ఆడవాళ్ళు ఎంతమందో ఆ ఊళ్ళకి వెళ్ళి చూడండి. రంజాన్‌లో వాళ్ళ పని పెరుగుతుంది. మధ్యాహ్నం నుంచి సూపులు, సంబూసాలు, ఇఫ్తార్ వంట. ఇఫ్తార్ గిన్నెలు కడిగేలోపు చుట్టాలు వస్తారు. కువైట్‌లో రాత్రి పొద్దుపోయాక ఘబ్గా అని ఇంకో విందు ఉంటుంది. తర్వాత సహరీ. మా పిన్ని వరసయ్యే ఒకామె అక్కడ పన్నెండేళ్ళు చేసి వచ్చింది. ఆమె ఒకసారి అంది: "పగలు నిద్రపోయే ఇల్లొకటి, రాత్రి నిద్రపోని ఇల్లొకటి. నేను రెండిళ్ళకీ పనిదాన్ని రా."

అదే దేశం, అదే నెల. ఆఫీసులో ఉన్నవాడికి రెండు గంటలు తగ్గాయి, వంటింట్లో ఉన్నామెకి నాలుగు గంటలు పెరిగాయి. ఆమె ముస్లిమా క్రిస్టియనా అన్నది ఆ వంటింట్లో ఎవరికీ పట్టదు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. ప్రపంచంలో ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాల్లో ముందు వరసలో ఉండేది ఇండోనేషియా. అరబ్బు కాదు, ఎడారి లేదు. సాయంత్రం అయ్యేసరికి వీధి పొడుగునా తక్‌జిల్ అమ్ముతారు. రోజా విడవడానికి తినే చిరుతిళ్ళన్నిటికీ కలిపి ఆ పేరు. కొబ్బరిపాలలో అరటిపండు, బెల్లం వేసి వండిన కోలాక్ ఉంటుంది. ముస్లిం కానివాళ్ళు కూడా ఆ దుకాణాల ముందు ఎగబడతారు. నెలాఖరున నగరాలు ఖాళీ చేసి కోట్లమంది సొంత ఊళ్ళకి పోతారు, దాన్ని ముదిక్ అంటారు. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అవడం చూసినవాళ్ళకి ఇది వివరించనక్కర్లేదు.

ఈ ప్రయాణానికి డబ్బులు ఎక్కడివి? అక్కడ టీహెచ్‌ఆర్ అనే పండుగ భత్యం ఉంది. ఏడాది పనిచేసిన ప్రతి కార్మికుడికీ ఒక నెల జీతం అదనంగా, పండుగకి కనీసం ఏడు రోజుల ముందు యజమాని ఇచ్చి తీరాలి. 2016 నాటి కార్మిక శాఖ నిబంధన ఇది. క్రిస్టియన్ కార్మికుడికి క్రిస్మస్ ముందు, బాలి హిందువుకి న్యేపి ముందు, బౌద్ధుడికి వైశాఖ పున్నమి ముందు ఇస్తారు. ఇది ఏ మౌల్వీ ఫత్వాతోనో వచ్చింది కాదు. 1951లో అప్పటి ప్రధాని సుకిమాన్ ప్రభుత్వోద్యోగులకి మాత్రమే పండుగ భత్యం మొదలుపెట్టాడు. ఆఫీసర్లకేనా పండుగ, మాకు లేదా అని 1952లో కార్మికులు సమ్మెకి దిగారు. అక్కడి నుంచి ఏళ్ళ తరబడి పోరాడితే 1994 నాటికి ప్రైవేటు యజమానులందరి మీదా తప్పనిసరి అయింది. పిల్లలూ, పరీక్షలకి రాసుకోవడానికి కాకపోయినా ఇది నోట్సులో రాసుకోండి. రంజాన్ పేరుతో వచ్చిన ఒక హక్కు సమ్మె చేసిన కార్మికులు తెచ్చినది, దాని వాటా ప్రతి మతం కార్మికుడికీ పోయింది.

అదే ఇండోనేషియాలో రెండో ముఖం కూడా ఉంది. వార్‌తెగ్ అని చిన్న పూటకూటి బడ్డీలు ఉంటాయి, రిక్షావాళ్ళు, కూలీలు తినేవి. రంజాన్ పగళ్ళలో ముందు ఒక గుడ్డ అడ్డం కట్టి నడుపుతారు. గుడ్డ కింద నుంచి తినేవాళ్ళ కాళ్ళు మాత్రం కనబడతాయి. ఎవరికీ ఇబ్బంది లేని ఏర్పాటు. 2016లో సెరాంగ్ అనే ఊళ్ళో స్థానిక నిబంధన పేరుతో అధికారులు ఒక పెద్దామె బడ్డీ మీద పడి, పగలు తెరిచిందని కూరలన్నీ ఎత్తుకుపోయారు. ఆమె ఏడుస్తున్న వీడియో దేశమంతా తిరిగింది. అప్పుడు డబ్బులు పోగుచేసి ఆమెకి పంపినవాళ్ళలో రోజా ఉన్నవాళ్ళే ఎక్కువ అయి ఉంటారు, ఆ దేశంలో ఇంకెవరు ఉంటారు! మాల్‌లో అద్దాల గదుల్లో ఉండే రెస్టారెంట్ల మీద మాత్రం ఇంత ఉత్సాహంగా ఎవరూ పడరు.

సర్కారు చెయ్యి గురించి ఇక్కడే మాట్లాడుకోవాలి. మొరాకోలో శిక్షాస్మృతి 222వ సెక్షన్ ప్రకారం ముస్లిం అయినవాడు రంజాన్‌లో కారణం లేకుండా బహిరంగంగా తింటే ఒక నెల నుంచి ఆరు నెలల జైలు. పాకిస్తాన్‌లో జియా ఉల్ హక్ 1981లో ఎహ్‌తెరామ్-ఎ-రంజాన్ అని ఆర్డినెన్స్ తెచ్చాడు. పగలు బహిరంగంగా తినడం, తాగడం నేరం. అసలు వాక్యం చదివితే రోజా విధిగా ఉండాల్సినవాళ్ళకే అది వర్తిస్తుంది. కానీ హోటళ్ళు మూతపడితే హిందువుకీ క్రైస్తవుడికీ కూడా అన్నం దొరకదు. 2016లో సింధ్‌లోని ఘోట్కీ జిల్లాలో ఇఫ్తార్‌కి ముందు తింటున్నాడని ఒక హిందూ ముసలాయన్ని పోలీసు కానిస్టేబుల్ కొట్టాడు. ఆ ఫోటో చూసి పాకిస్తాన్ ముస్లింలే మండిపడ్డారు, కానిస్టేబుల్‌ని అరెస్టు చేశారు. 2015 జూన్‌లో కరాచీలో వడగాడ్పులకి వెయ్యిమందికి పైగా చనిపోయారు. అది రంజాన్ నెల. ప్రాణం మీదకి వస్తే రోజా విడవమని మత పండితులే చెప్పారు. మతం ఇచ్చిన మినహాయింపు అలా ఉండగా, వీధిలో నీళ్ళు తాగితే నేరమనే చట్టం ఇలా ఉంది. ఏసీ గదిలో ఉన్నవాడికి రెండూ అవసరం పడలేదు. ఎండలో బండి లాగినవాడు రెండిటి మధ్యా నలిగాడు.

దీన్ని చూపించి "చూశారా, అందుకే వద్దంటున్నాం" అనే బ్యాచ్ ఒకటి వెంటనే లేస్తుంది. కూర్చోండి బాబూ, చైనా ఉంది. షిన్‌జియాంగ్‌లో వీగర్ ముస్లిం ఉద్యోగులు, టీచర్లు, విద్యార్థులు రోజా ఉండకూడదని గత దశాబ్దంలో ప్రభుత్వ కార్యాలయాలే తమ వెబ్‌సైట్లలో నోటీసులు పెట్టాయి. పగలు హోటళ్ళు తెరిచి ఉంచాలన్నారు. తినకపోతే నేరమనే సర్కారుకీ, తింటే నేరమనే సర్కారుకీ తేడా ఏమిటి? ఇద్దరికీ కావలసింది మన నోటి మీద అదుపు. ఈ దేశంలో పశుమాంసం తింటే చంపుతున్న రోజుల్లో మన నోటి మీద ఎవరి చెయ్యి ఉందో దళితుడికి ఒకరు పాఠం చెప్పాలా?

మెత్తగా ఒప్పించబోయినవాడూ ఉన్నాడు. 1960లో ట్యునీషియా అధ్యక్షుడు బుర్గిబా, వెనకబాటుతనం మీద పోరాటం కూడా జిహాదే, కాబట్టి పనివాళ్ళు రోజా మానుకోవచ్చని వాదించాడు. ఉత్పత్తి పెరగాలని ఆయన గోల. పండితులు ఒప్పుకోలేదు, జనం వినలేదు. పని గంటలు తగ్గించే ఆలోచన అభివృద్ధి పురుషులకి చివరి ఆలోచనగా కూడా రాదు, ముందు పనివాడి దేవుణ్ణే సర్దుకోమంటారు.

తుర్కియే సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, అది నా ఇంటి సంగతి లాంటిది. అక్కడ సహరీ వేళ వీధుల్లో దవుల్ అనే పెద్ద డోలు కొట్టుకుంటూ తిరిగి జనాన్ని లేపుతారు. ఒట్టోమన్ కాలం నుంచి ఉంది. ఇప్పుడు ప్రతి చేతిలో అలారం ఉన్నా డోలు ఆగలేదు. నెల చివర ఇంటింటికీ వెళ్ళి బక్షీస్ అడుగుతారు. మన దగ్గర 'బక్షీస్' అన్నా అదే మాట. ఆ డోలు కొట్టేవాళ్ళలో రోమాలు చాలామంది. ఊరి చివర పేటల్లో ఉండేవాళ్ళు, పెళ్ళికి వాయించమని పిలిచి ఇల్లు అద్దెకి అడిగితే లేదనిపించుకునేవాళ్ళు. వాళ్ళ పూర్వీకులు వెయ్యేళ్ళ కిందట ఈ ఉపఖండం నుంచే వెళ్ళారని భాషాశాస్త్రం చెబుతుంది. మా తాత చావుకీ జాతరకీ డప్పు కొట్టి చాటెడు గింజలు తెచ్చుకునేవాడు. ఇస్తాంబుల్‌లో డోలు వీడియో చూసినప్పుడల్లా నాకు ఆ చాట గుర్తొస్తుంది. ఇస్లాంలో కులం లేదని మురిసిపోయే మిత్రులు ఆ వీడియోలో నిద్ర లేచేవాడితో పాటు లేపేవాణ్ణి కూడా చూడాలి. మన తెలుగు ఊళ్ళలో సహరీకి లేపే పని ఫకీర్లది. వాళ్ళని పెళ్ళి సంబంధాలకి ఎవరు పిలుస్తారో మీ ఊళ్ళోనే కనుక్కోండి.

ఆ పీటముడి విప్పకుండా ముస్లిం-దళిత ఐక్యత గురించి ఎన్ని పాటలు పాడినా లాభం లేదు. అంబేద్కర్ పాకిస్తాన్ మీద రాసిన పుస్తకంలో 1901 జనాభా లెక్కల నివేదికను తీసుకుని, బెంగాల్ ముస్లింలలో అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అనే మెట్లు ఉన్నాయని చూపించాడు. ఈ పేజీలని హిందుత్వవాళ్ళు ఇష్టంగా ఫార్వర్డ్ చేస్తారు, అదే మనిషి హిందూమతం గురించి రాసిన పేజీలు వాళ్ళ ఫోన్లలో తెరుచుకోవు. పోనీ. పాకిస్తాన్‌లో మున్సిపాలిటీ పారిశుద్ధ్య కార్మికుల్లో అత్యధికులు క్రైస్తవులు, అంటే చూహ్రా కులం నుంచి మతం మారినవాళ్ళ వారసులు. ఆ ఉద్యోగాలు ముస్లిమేతరులకే అని ప్రకటనలు వేసిన ఊళ్ళు ఉన్నాయి. మండే జూన్‌లో వచ్చిన రంజాన్‌లో ఆ మనిషి మురుగు కాలువలోంచి పైకి వచ్చి ఎక్కడ నీళ్ళు తాగాలి? చట్టం అతన్ని అడ్డుకోదు, వీధి అడ్డుకుంటుంది. ఇక్కడ టీ కొట్టు బయట వేలాడదీసిన రెండో గ్లాసు చూసినవాళ్ళకి ఆ వీధి కొత్తదేమీ కాదు.

ఇంక ఆడవాళ్ళు. దేశం ఏదైనా సహరీకి ఇంట్లో ముందు లేచేది ఆమె, తరావీహ్ నమాజు నుంచి మగవాళ్ళు తిరిగొచ్చే వేళకి ఇంకా నిలబడి ఉండేదీ ఆమె. పస్తు ఉండి, ఉప్పు సరిపోయిందో లేదో చూడకుండా నలభై రకాలు వండాలి. నెలసరిలో మినహాయింపు ఉందని పైన అన్నాను కదా. ఆ రోజుల్లో వంటింటి తలుపు చాటున గబగబా నాలుగు ముద్దలు మింగుతారు. తమ్ముడు చూస్తాడని, మామగారు చూస్తారని. మతం ఇచ్చిన సెలవుని ఇల్లు ఒప్పుకోదు. పైగా ఆ రోజుల బాకీని రంజాన్ అయ్యాక ఒంటరిగా తీర్చుకోవాలి, అప్పుడు ఇఫ్తార్ సందడీ ఉండదు, పక్కన తోడూ ఉండదు. నా క్లాసు అమ్మాయి ఒకామె ఇది చెప్పి నవ్వింది. మా అమ్మ ఆ మూడు రోజులూ దొడ్లో కూర్చునేది, ఈమె తలుపు చాటున కూర్చుంటోంది. ఇది మతం లోపలి ఆడవాళ్ళు తేల్చుకునే గొడవ, తెలుగులో ముస్లిం రచయిత్రులు ఎప్పటి నుంచో రాస్తూనే ఉన్నారు. మన పని చదవడం.

పడమర వైపు సంగతి త్వరగా చెప్పేస్తాను. నార్వేలో ట్రోమ్సో అనే ఊరు ఉంది, ఎండాకాలం అక్కడ రెండు నెలలు సూర్యుడు అస్తమించడు. మరి రోజా ఎప్పుడు విడవాలి? మక్కా వేళలో, దగ్గరి నగరం వేళలో పాటిస్తారు. పద్నాలుగు వందల ఏళ్ళ ఆచారం అర్ధరాత్రి సూర్యుడితో రాజీపడింది. మన హాస్టల్ టైమ్‌టేబుల్ మాత్రం అరగంట జరగదట. 2021 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో లెస్టర్, క్రిస్టల్ ప్యాలెస్ ఆడుతుంటే పొద్దుగూకాక ఒక గోల్ కిక్ దగ్గర ఆట అర నిమిషం ఆపారు, రోజా ఉన్న ఆటగాళ్ళు గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ ఆడారు. ఆకాశం కూలలేదు. ఫ్రాన్స్ ఫుట్‌బాల్ సమాఖ్య 2023లో అలాంటి విరామం కుదరదంది, లౌకికత్వం పేరుతో. మన హాస్టల్ కాగితం మీద ఉన్న మాట అదే. రెండూ లౌకిక సమాజాలే, ఒకచోట గుక్కెడు నీళ్ళకి వీలుంది, ఇంకోచోట లేదు. కాబట్టి 'సెక్యులర్' అన్న మాట దానంతట అదే ఏమీ తేల్చదు, దాన్ని ఎవరు పలుకుతున్నారో చూడాలి.

అమెరికాలో మినసోటా రాష్ట్రంలోని షాకోపీలో అమెజాన్ గోదాములో సోమాలీ కార్మికులు ఎక్కువ. గంటకి ఇన్ని పెట్టెలు అని మిషన్ లెక్క చెబుతుంది. రంజాన్‌లో ఆ వేగం తగ్గించమని, నమాజుకి వెళ్ళిన నిమిషాలని తప్పుగా లెక్కించొద్దని 2018లో అడిగారు, ఆ డిసెంబర్‌లో మంచులో నిలబడి నిరసన చేశారు. మొదట రోజా కోసం అడిగారు, ఆ అడుగు పని వేగం మీద అందరి కోసం పోరాటం అయింది. ఆ ఖండంలో ఇది కొత్త కాదు. 1835 జనవరిలో బ్రెజిల్‌లోని సాల్వడార్ నగరంలో ఆఫ్రికా నుంచి తెచ్చిన ముస్లిం బానిసలు తిరగబడ్డారు, మాలే తిరుగుబాటు అంటారు. అది రంజాన్ చివరి రోజుల్లో జరిగింది. పస్తున్న బానిసలు యజమానుల మీదకి లేచిన ఆ రాత్రిని మన పాఠ్యపుస్తకాలు ఎందుకు చెబుతాయి!

బంగ్లాదేశ్ గార్మెంట్ కార్మికులు ఈద్ ముందు బకాయి జీతం కోసం, బోనస్ కోసం రోడ్డెక్కడం దాదాపు ఏటా చూస్తాం. మనం వేసుకునే చొక్కాల వెనక ఆ పస్తులు ఉన్నాయి.

ఇప్పుడు మన ఇంటికి రండి. 2025 రంజాన్‌లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ముస్లిం ఉద్యోగులు సాయంత్రం గంట ముందే ఇంటికి వెళ్ళొచ్చని ఉత్తర్వులు ఇచ్చాయి. ఒక గంట. దానికి టీవీల్లో ఎంత రచ్చ! ఆ గంట ఎంతమందికి దొరికింది? మీ ఊళ్ళో ముస్లింలు ఏం పని చేస్తారో వేళ్ళమీద లెక్కపెట్టండి. పంక్చర్ షాపు, మెకానిక్ షెడ్డు, వెల్డింగ్, ఆటో, తోపుడు బండి, దర్జీ పని, నిజామాబాద్ వైపు ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు. వీళ్ళలో ఎవరికి వర్తిస్తుంది ఆ ఉత్తర్వు? బీడీలు వెయ్యికి ఇంతని కూలి, రోజా ఉంటే చెయ్యి నెమ్మదిస్తుంది, కూలి తగ్గుతుంది. ఆమెకి ఏ ప్రభుత్వమూ గంట ఇవ్వలేదు. బుజ్జగింపు అని అరిచేవాళ్ళు ఆ బీడీలు చుట్టే ఇంటికి వెళ్ళి ఆ బుజ్జగింపు ఎక్కడుందో వెతికి చూపించాలి.

ఇంకో రకం ప్రేమికులు ఉన్నారు. హలీం ప్రేమికులు. హైదరాబాదీ హలీంకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. రంజాన్ అంటే వీళ్ళకి ఒక ప్లేటు. బట్టీ దగ్గర గంటల తరబడి ఘోట్నీ పట్టుకుని రుబ్బే మనిషి చేతులు ఆ ఫోటోలో ఉండవు. క్యూలో నిలబడి సెల్ఫీ తీసుకుని ఇంటికి వచ్చి, తమ అపార్టుమెంటులో ముస్లింలకి అద్దెకి ఇవ్వొద్దని తీర్మానం చేస్తారు. మటన్ లేని రోజా వీళ్ళు చూడరు. నెల్లూరు, చిత్తూరు వైపు మసీదుల్లో పెద్ద గుండిగలో గంజి కాస్తారు, తమిళనాడులో దానికి ప్రభుత్వమే మసీదులకి బియ్యం ఇస్తుంది. నోంబు కంజి అంటారు అక్కడ. నోంబు అంటే మన నోమే. మన పల్లెల్లో తెలుగు మాట్లాడే దూదేకులవాళ్ళు రోజాని 'ఒక్కపొద్దు' అంటారు. శనివారం ఒక్కపొద్దు ఉండే మా అవ్వ, పక్క వీధి ఫాతిమమ్మ ఒక్కపొద్దుని వేరే దేశపు ఆచారం అని ఏనాడూ అనుకోలేదు. మాటే ఒకటైనప్పుడు పరాయితనం ఎక్కడి నుంచి వస్తుంది? భాష చదువుకున్నవాడిగా నేను ఇచ్చే సాక్ష్యం ఇది, కావాలంటే వెళ్ళి వినండి. ఈ మధ్య కొత్తగా చదువుకున్న కొందరు ఆ ఇళ్ళలోనే 'ఒక్కపొద్దు అనకూడదు, రోజా అనాలి' అని దిద్దుతున్నారు. అటు మతం తెలియదని అష్రాఫ్‌ల చిన్నచూపు, ఇటు తురకలని మనవాళ్ళ దూరం. మెహతర్ల సంగతి ఇంకా ఘోరం, పాకీ పని చేసిన కులం, కానీ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వాళ్ళని ఎస్సీల్లో చేర్చదు. సిక్కులని 1956లో, బౌద్ధులని 1990లో చేర్చారు. ముస్లిం దళితులూ క్రైస్తవ దళితులూ ఈరోజుకీ బయటే ఉన్నారు. ఆ ఉత్తర్వు మీద మనం ఏం మాట్లాడాం?

వాట్సాప్ గ్రూపులో ఆ మాట అన్న తమ్ముడూ, నీకు సూటిగా ఒక ప్రశ్న. చార్మినార్ దగ్గర రంజాన్ రాత్రి బజారు ముగిశాక తెల్లవారుజామున ఆ ఆకులూ కప్పులూ ఎముకలూ ఊడ్చేది ఎవరు? మున్సిపాలిటీ చీపురు పట్టుకున్న మన అక్కలు. కరాచీలో ఊడ్చేది చూహ్రాలు. అక్కడ చీపురు పట్టినవాళ్ళు క్రైస్తవులు, ఇక్కడ హిందువుల లెక్కలో రాసినవాళ్ళు. ఆ అక్కలకి పండుగకి ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలని మన సంఘం ఏనాడైనా అడిగిందా? ఇండోనేషియాలో అడిగారు. రోజా ఉన్న మెకానిక్ కుర్రాడి గంటా, ఊడ్చే అక్క బోనసూ ఒకే అర్జీలో రాయొచ్చు. రాయడానికి నేను ఉన్నాను, సంతకాలు మీరు పెట్టించాలి.

వచ్చే భాగానికి నాకు మీ సాయం కావాలి. మీ ఊళ్ళో మెకానిక్ షెడ్డులో, బిర్యానీ హోటల్లో, టైలర్ షాపులో, బీడీ కార్ఖానాలో రోజా ఉండి పనిచేసేవాళ్ళతో మాట్లాడండి. ఎన్నింటికి పనిలోకి వస్తారు, ఎన్నింటికి వదులుతారు, ఆ నెల కూలి ఎంత తగ్గుతుంది, ఇఫ్తార్ ఎక్కడ చేస్తారు, యజమాని ముస్లిమా కాదా, ముస్లిం అయితే తేడా ఉందా. యజమాని పేరు గానీ షాపు పేరు గానీ రాయకండి, పని చేసేవాడి ఉద్యోగం పోతుంది. మీ జిల్లా పేరు చాలు. ఈద్ లోపు పంపండి.